తరుగు

మిర్చి యార్డులో కాటా దగ్గర నా పని.
పద్దెనిమిదేళ్ల నుంచీ అదే:
టిక్కీ ఎక్కుతుంది, అంకె వెలుగుతుంది,
గోనెకింత, తేమకింత అని
తరుగు తీసి చీటీ రాస్తాను.
రైతు నా పెన్ను వంక చూస్తాడు.
నేనెవరి మొహం వంకా చూడను.

ఒక మార్చి మధ్యాహ్నం
తేజా కాయల ఘాటుకి అందరూ తుమ్ముతుంటే
నాకు మాత్రం ఊపిరందలేదు.
వేళ్లు చల్లబడ్డాయి. చావొచ్చిందనుకున్నా.
కొత్తపేట ఆస్పత్రిలో కాగితం మీద గీతలు గీయించి
గుండె భేషుగ్గా ఉంది, నీది భయం అన్నారు.
భయమా? దేనికి?
అప్పుల్లేవు, వాయిదాల్లేవు,
ఎవడి పొలం గట్టూ నేను జరపలేదు.

పది రోజులకని రాశారు.
మిరప గింజ కన్నా కాస్త పెద్దది, తెల్లగా.
ఆ మొదటి రాత్రి మర్చిపోను:
హమాలీ వీపు మీంచి బస్తా దించినట్టు
ఒళ్లంతా తేలిక.
ఫ్యాను చప్పుడు ఉత్త ఫ్యాను చప్పుడైంది.
అంత మంచి నిద్ర నాకెవరూ పెట్టలేదు.
అది అబద్ధమని ఇప్పటికీ అనలేను.

పది రోజులు నాలుగేళ్లయ్యాయి.
మడతల దగ్గర మందుల చీటీ చిరిగిపోయాక
బ్రాడీపేట నాలుగో లైన్లో ఖాజావలి
చీటీ అడగడం మానేశాడు.
స్కూటరు స్టాండు వేసేలోపే
అతని చెయ్యి ఆ సొరుగులో ఉండేది.
ఒకటి చాలలేదు. ఒకటిన్నర. రెండు.
డిక్కీలో ఒక అట్ట, జేబులో ఒకటి,
చీటీల పుస్తకం అడుగున ఇంకోటి.
భయానికని మొదలెట్టినవాణ్ణి
అట్టలో ఇంకెన్ని మిగిలాయోనని
లెక్కపెట్టుకుంటూ భయపడేవాణ్ణి.

ఈపూరు నుంచొచ్చిన ముసలాయన ఒకడు
చీటీ తిప్పి చూసి
"అబ్బాయా, నాయి నలభై రెండు టిక్కీలు గందా,
ఇరవై నాలుగు రాశావేంది?" అన్నాడు.
కోపంగా కాదు. జాలిగా.
ఆ రాత్రి రోషమొచ్చి
మూడట్టలూ మురుక్కాలవలో పారేశాను.

రెండో రోజు ట్యూబులైటు కళ్లలో గుచ్చుకుంది.
మూడో రోజు చెంచా పళ్లకి తగిలి టకటకమంది.
నాలుగో రోజు తెల్లారి పంపు దగ్గర పడిపోయాను.
శేషారత్నం నా గుప్పిట్లో
బీరువా తాళాలగుత్తి కుక్కిందట,
ఫిట్సనుకొని.
అవి ఫిట్సే.

డాక్టరు సువర్చలమ్మ తిట్టలేదు.
ఇది ఉన్నపళాన ఆపే మందు కాదయ్యా,
నాకు చెప్పకుండా ఆపొద్దు,
రెండు మూడు వారాలకొకసారి కొంచెం కొంచెం తగ్గిద్దాం,
నీ యార్డు భాషలో ఏమంటారు దాన్ని, అనడిగింది.
తరుగు, అన్నాను.
నవ్వొచ్చింది. ఆ వెనకాలే ఏడుపు.

క్వింటాళ్లు తూచిన చెయ్యి
ఇప్పుడు బ్లేడు పట్టుకొని
స్టీలు పళ్లెంలో బిళ్ళను నాలుగు చేస్తుంది.
సమంగా తెగదు. పొడి మిగులుతుంది.
అది వేలితో అద్దుకున్న రాత్రులున్నాయి, దాచను.
ఇది ఎనిమిదో నెల.
మొన్న అట్లతద్ది నాడు ఒక మెట్టు వెనక్కెళ్లాను,
అదీ పుస్తకంలో రాశాను.
అట్టలు శేషారత్నం దగ్గర, బియ్యం డబ్బాలో.
ఖాజావలి ఇప్పుడు చీటీ అడుగుతున్నాడు,
మొహం పక్కకి తిప్పుకొని.

నిన్న కాటా దగ్గర మళ్లీ వచ్చింది.
అదే ఘాటు, అవే తుమ్ములు,
అవే చల్లని వేళ్లు.
జేబు తడుముకున్నాను. ఖాళీ.
టిక్కీ ఎక్కింది.
అంకె ఊగింది, ఊగింది,
నిలవడానికి ఎప్పుడూ పట్టేంత సేపే పట్టింది.
నిలిచేదాకా నేనూ నిలబడ్డాను.
అప్పుడు రాశాను,
ఎన్ని టిక్కీలు పెద్దాయనా అని
తలెత్తి అడిగి మరీ.